మూడో పేజీ సాక్షి

అతను బోర్డు తుడుస్తున్నాడు, ఇంకా తుడుస్తూనే ఉన్నాడు, ముందు క్లాసువాళ్లు వదిలేసిపోయిన గీతల మీద డస్టర్ ఆనించి పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి, కుడి మూలలో ఎవరో గీసిన చిన్న బాణం గుర్తును కూడా వదలకుండా. అందుకే కదా మొదటి సంవత్సరం మొదటి నెలలోనే అందరం కలిసి అతనికి నిదానం అని పేరు పెట్టేశాం, హాజరు పిలిచేటప్పుడు తప్ప అతని అసలు పేరు ఎవరికీ గుర్తు రాదు. త్వరగా మొదలుపెట్టవయ్యా అని నాలో ఒక గొంతు, అసలు మొదలే పెట్టకు అని ఇంకో గొంతు. గోడ గడియారంలో రెండూ అయిదు. మూడింటికి అయిపోతుంది, యాభై అయిదు నిమిషాలు, ఊపిరి బిగబట్టి కూర్చుంటే అవే గడుస్తాయి, చివర్లో లేచి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే నా పని అయిపోతుంది, ఆ రెండు ముక్కలూ పొద్దుటినుంచి నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను, చదివాను, సరిచూశాను, చదివాను, సరిచూశాను. మొదటిది సగం నిజం. రెండోదాని సంగతి నాకొక్కదానికే తెలుసు.

నేను కూర్చున్నది సాక్షి కుర్చీ. బోర్డుకి ఎడమ పక్కన, క్లాసుకి ఎదురుగా వేస్తారు, ముఖంలో ఏం కదిలినా అందరికీ కనపడుతుంది, ఇలా వెయ్యాలని మొదట ఎవరు అనుకున్నారో గాని మనుషుల సంగతి బాగా తెలిసినవాళ్లే. లెక్కలూ కంప్యూటరూ కలిపి చదివే మా ఇరవై రెండు మందికీ ఆఖరి సంవత్సరంలో ఈ సెమినార్ ఒక్కటే పెద్ద గండం. పేరుకి క్లాసు, నడిపేదంతా మేమే. వారానికి ఒకరు ఏడాదిపాటు చేసిన పనిని బోర్డు మీద నిరూపించాలి, ఒకరు గంట పట్టుకుని సభ నడపాలి, ఒకరు సాక్షిగా ఉండాలి. మేడమ్ ఆఖరి బెంచీలో కూర్చుంటారు, సెమినార్ అయ్యేదాకా నోరు విప్పరు, విప్పకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమమే. సాక్షి అంటే ఊరికే చూస్తూ కూర్చునే మనిషి కాదు. మూడు వారాల ముందే ఆ నిరూపణ తీసుకుని అక్షరం అక్షరం చదవాలి, ప్రోగ్రాం నడిపి చూడాలి, నమ్మకం కుదిరిన పేజీకి అడుగున సంతకం పెట్టాలి. కుదరకపోతే పెట్టకూడదు, అంతే, అంతకంటే సులువైన నియమం ఇంకోటి ఉండదు. నిదానం పేజీలు ఆరు. ఆరింటి అడుగునా నా సంతకం ఉంది, మూడో పేజీ కింద మిగతావాటి కంటే కాస్త అందంగా కుదిరింది కూడా.

"అందరికీ నమస్కారం," అంటున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నాకు కొంచెం భయంగానే ఉంది. కానీ నా సాక్షి ఎవరో మీకు తెలుసు కదా. మన 'అయితే' సంతకం పెట్టిందంటే ఇంక నేను భయపడక్కర్లేదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాను, సిగ్గులేకుండా, పళ్లు కనపడేలా. అయితే అన్నది నా పేరు, మొదటి సంవత్సరంలో ఏ పాఠం చెప్పినా చెయ్యెత్తి అయితే మరి ఇలా అయితే, అయితే సున్నా వస్తే, అయితే రెండూ సమానమైతే అని ప్రాణం తీసేదాన్నట. నిజమే, తీసేదాన్ని. ఆ పేరు ఇప్పటికీ పిలుస్తారు గాని ఆ పిల్ల పోయి రెండేళ్లయింది, వీళ్లెవరూ గమనించలేదు.

పోవడం కూడా ఒక్క రోజులోనే పోయింది. రెండో సంవత్సరంలో ఒక మధ్యాహ్నం, ఇంకో మాష్టారు, బోర్డు నిండా రాసి చివర్లో తేలికగా చూడవచ్చు అని అడుగున గీత గీశారు. అయితే సార్, అది ఎలా వచ్చింది అని లేచాను. ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇది కూడా తెలీకుండా ఇంతదూరం ఎలా వచ్చావమ్మా?" అన్నారు. అన్ని బ్రాంచీలవాళ్లనీ కలిపి కూర్చోబెట్టిన క్లాసు, ఎనభై మంది నవ్వారు. తిట్టలేదు, కొట్టలేదు, పాపం ఆయనకి అది గుర్తుండి కూడా ఉండదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది, కూర్చున్నాక కూడా చెవులు కాలుతూనే ఉన్నాయి, ఆ రోజునుంచి అర్థం కానప్పుడు తల ఊపడం నేర్చుకున్నాను. దానికీ సాధన కావాలి. మరీ త్వరగా ఊపితే అనుమానం వస్తుంది, ఒక క్షణం ఆగి, కనుబొమలు కొంచెం ముడిచి, అప్పుడు మెల్లగా ఊపాలి. నాలుగేళ్ల చదువులో నాకు పూర్తిగా పట్టుబడిన విద్య అదొక్కటే.

నిదానం చెప్తున్నది అందరికీ తెలిసిన బాధే. పరీక్షల పట్టిక. ఉన్నవి నాలుగు రోజులు, సోమ, మంగళ, బుధ, గురు. పరీక్షలు బోలెడు. ఒకే విద్యార్థి రాయాల్సిన రెండు పరీక్షలు ఒకే రోజున పడకూడదు. అంతా సర్దుకున్నాక కొత్త పరీక్ష ఒకటి వచ్చి పడుతుంది, ప్రతిసారీ పడుతుంది, దానికి చోటు దొరకదు. అప్పుడు పట్టిక మొత్తం చింపెయ్యకుండా, కొన్ని పరీక్షల్ని మాత్రం ఒకదాని రోజుకి ఇంకోదాన్ని జరిపి చోటు చెయ్యాలి, సోమవారంవి మంగళవారానికి, ఆ మంగళవారంవి సోమవారానికి, ఒకదానికొకటి ముడిపడ్డ గొలుసు మొత్తం ఒకేసారి తిరగబడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఎంత బావుందో, మొదటిసారి చదివినప్పుడు నిజంగానే సంబరపడ్డాను, మొదటి పేజీ, రెండో పేజీ కాగితం మీద బొమ్మలు గీసుకుని మరీ సరిచూశాను, ఆ రెండింటికీ పెట్టిన సంతకాలు నావే, ఎవరి ముందైనా ఒప్పుకుంటాను. కిటికీ పక్కన పరీక్షల విభాగం గుమాస్తా గారు ఒళ్లో లావుపాటి ఫైలు పెట్టుకుని కూర్చున్నారు. ఈ క్లాసు సరే అంటే వచ్చే నెల పరీక్షలు ఈ ప్రోగ్రాంతోనే వేస్తారట. ఆయన కూడా తల ఊపుతున్నారు. ఆయన ఊపడం చూస్తే తెలుస్తోంది, ఆయనదీ నా బాపతే.

మూడో పేజీ దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను. క్యాంటీన్‌లో, బస్సులో, లైబ్రరీ మెట్ల మీద. ఒక్క వాక్యం. ఈ రెండు మార్పులూ చేశాక కొత్త పరీక్షకి సోమవారం ఖాళీ అవుతుందని తేలికగా చూడవచ్చు. తేలికగా చూడవచ్చట, నేను కష్టపడి చూసినా కనపడలేదు, ఏడుసార్లు చదివాను, ప్రతిసారీ ఆ వాక్యం దాకా రావడం, కాలు జారడం, మళ్లీ పైకి వెళ్లి రావడం. అడగొచ్చు కదా. అతను మూడు బల్లల అవతలే కూర్చుని ఉంటాడు, నిదానమే గాని నవ్వే మనిషి కాదు. అయినా లేచి అక్కడిదాకా వెళ్లి, చేతిలో పేజీ పట్టుకుని, అతను తలెత్తి "ఏంటి?" అనేసరికి "ఏం లేదు, పెన్ను ఉందా?" అన్నాను. ఇచ్చాడు. ఆ పెన్నుతోనే మూడో పేజీ కింద సంతకం పెట్టాను. ఇది ఎప్పటికైనా ఎవరికైనా చెప్పగలనా, అతని పెన్నుతోనే. చెప్పలేను, నోరు రాదు.

అమ్మకి చెప్తే? అమ్మ బట్టల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర పని చేస్తుంది, కుట్టి వచ్చిన చొక్కాలు కాలరు, కఫ్, బొత్తాలు, కుట్లు అన్నీ చూసి జేబులో పద్నాలుగు అని ఉన్న చిన్న కాగితం ముక్క పెడుతుంది. పద్నాలుగు అంటే అమ్మ. ఆ చొక్కా ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది, కొన్నవాడు జేబులో చెయ్యి పెడితే మా అమ్మే చేతికి తగులుతుంది, చిన్నప్పుడు అలా అనుకుంటే భలే ఉండేది. ఒకసారి ఒక చొక్కా తిరిగొచ్చింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి, జేబులో పద్నాలుగు. సూపర్‌వైజర్ దాన్ని అమ్మ బల్లకి ఎదురుగా గోడ మీద వారం రోజులు వేలాడదీశాడు. ఆ వారం అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. నాకు అప్పుడు పన్నెండేళ్లు, వాడి ముఖం మీద కొట్టి పని మానెయ్యమ్మా అన్నాను. "వాడి మీద కాదే నా ఏడుపు," అంది. "ఆ రోజు కళ్లు మండుతున్నాయని చూడకుండానే చీటీలు పెట్టేశాను. ఆ చొక్కా కుట్టిన అమ్మాయి ఇవాళ నా దగ్గరికొచ్చి సారీ చెప్పింది, అక్కా నావల్లే నీకీ గతి అని. అది తట్టుకోలేకపోతున్నాను." నాకు అర్థం కాలేదు. అప్పుడు కూడా తల ఊపే ఉంటాను.

రెండూ ముప్పై. మూడో పేజీకి వచ్చాడు. రంగు సుద్దలు తీశాడు, సోమవారానికి తెలుపు, మంగళవారానికి పసుపు, బుధవారానికి నీలం, కాగితం మీద ఈ రంగులు లేవు కదా, అంకెలే ఉన్నాయి. "కొత్త పరీక్షకి అడ్డొచ్చేవి సోమవారం రెండున్నాయి," అంటున్నాడు. "మొదటిదాన్ని మంగళవారానికి పంపిద్దాం." పరీక్షకో చుక్క పెట్టి గొలుసు గీశాడు, తెలుపు, పసుపు, తెలుపు, పసుపు, తర్వాత ప్రతి చుక్క దగ్గరా ఆగి, వేలితో తుడిచి, తెల్లనిది పసుపుగా, పసుపుది తెల్లగా. "రెండోదాన్ని బుధవారానికి పంపిద్దాం." తెలుపు, నీలం, తెలుపు, నీలం, ఈ గొలుసు మొదటి మార్పుకి ముందు పట్టికలో చూసుకున్నదే. మళ్లీ తుడిచాడు, తెల్లనివి నీలం, నీలంవి తెలుపు. ఎంత నిదానమంటే చూడక తప్పలేదు. రెండు గొలుసులూ ఒక చోట పక్కపక్కగా వచ్చాయి, అక్కడ ఇందాక ఒక పసుపు చుక్క, ఒక నీలం చుక్క ఉండేవి, వాటి మధ్య గీత ఉంది, అంటే ఆ రెండు పరీక్షలూ రాయాల్సిన విద్యార్థి ఎవరో ఉన్నాడు. ఇప్పుడు పసుపుది తెలుపయింది. నీలందీ తెలుపయింది. మంగళవారంది సోమవారానికి వచ్చింది, బుధవారందీ సోమవారానికే వచ్చింది. రెండూ తెలుపే, రెండూ సోమవారమే, మధ్యలో గీత అలాగే ఉంది. ఒక్కొక్క మార్పూ విడిగా చేస్తే తప్పు లేదు, రెండూ చేస్తేనే ఆ పిల్లవాడెవడో సోమవారం పొద్దున్న రెండు గదుల్లో కూర్చోవాలి.

కనపడింది. ఎనిమిదోసారికి కనపడింది. నాకు మొట్టమొదట కలిగింది సంతోషం, ఇది దాచను, ఇంకేదైనా దాస్తానేమో గాని ఇది దాచను, ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైపోయింది, నాకు అర్థం కాకపోవడం నా తెలివితక్కువతనం కాదు, అక్కడ అర్థమవడానికి ఏమీ లేదు, ఏడుసార్లూ నా కాలు జారిన చోట నిజంగానే గుంట ఉంది, రెండేళ్లుగా నన్ను నేను మొద్దు అనుకుంటూ తిరిగాను. చంకలు గుద్దుకున్నాను. అవతల అతను సుద్ద అంటిన వేళ్లతో నిలబడి ఉన్నాడు, ఏడాది కష్టం వెనకాల బోర్డు మీద కూలిపోయి ఉంది, అతనికి తెలీదు, నేను ఇక్కడ కూర్చుని నా తెలివికి మురిసిపోతున్నాను. ఆ రెండో క్షణంలో వచ్చిన సిగ్గు ఉంది చూడండి, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు, ఈ కుర్చీలో ముఖం దాచుకునే వీలు కూడా లేదు.

మూడు వారాలు. పెన్ను అడిగిన ఆ రోజే, ఇది నాకు అర్థం కాలేదు అని ఉంటే, ఇద్దరం కూర్చుంటే ఒక సాయంత్రంలో దొరికేది, సర్దుకోవడానికి రెండు వారాల పైనే ఉండేది. ఇప్పుడు ఏముంది. ఇవాళ్టిది ఈ ఏడాది ఆఖరి సెమినార్, నిదానం కాబట్టి సహజంగానే అందరికంటే చివర పెట్టుకున్నాడు, ఇది పడిపోతే పట్టాల జాబితాలో అతని పేరుండదు, మళ్లీ ఆర్నెల్లు ఆగాలి. అయితే చెప్పకపోతేనో. పదివేల పట్టికల మీద నడిపాడు, తెర మీద అదిగో పెద్ద అక్షరాల్లో, తప్పులు సున్నా, పదివేలల్లో ఒక్కటి కూడా రాలేదు, నిజం పరీక్షల్లో మాత్రం ఎందుకొస్తుంది. ఆ పదివేలూ అతను ఊహించి తయారుచేసినవి, ఎవరికి ఏ పరీక్షలన్నది చీట్లు తీసినట్టు వేసినవి, నిజం విద్యార్థులు చీట్లు తీసి చదువుకోరు, ఇది తీసుకున్నవాళ్లంతా అదీ తీసుకుంటారు, వస్తుంది, వచ్చే నెలే వస్తుంది. ఎవరో మొదటి సంవత్సరం పిల్ల హాల్ టికెట్ చూసుకుని, తనకే ఏదో అర్థం కాలేదనుకుని, అడగడానికి సిగ్గుపడి ఊరుకుంటుంది. నాకు ఆ పిల్ల బాగా తెలుసు.

నా సెమినార్ ఆరు వారాల కిందట అయింది. నాకు సాక్షి అతనే. పదిహేను రోజులు నా కాగితాలు పట్టుకుని తిరిగాడు, ప్రోగ్రాంలో ప్రతి వరుసా చేత్తో నడిపి చూశాడు, ఇంకా అవలేదా నాయనా అని విసుక్కున్నాను. పదహారో రోజు లైబ్రరీలో పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా, "అయిదో పేజీలో ఒక సందర్భం వదిలేసినట్టున్నావు, లేకపోతే నాకే అర్థం కాలేదేమో, ఒకసారి చూడవా?" అన్నాడు. వదిలేశాను. రెండు రోజుల్లో దిద్దుకున్నాను. సెమినార్ రోజు అందరూ చప్పట్లు కొట్టారు, అతను ఇదే కుర్చీలోంచి లేచి చదివాను, సరిచూశాను అన్నాడు. అయిదో పేజీ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా మళ్లీ గుర్తు చెయ్యలేదు.

గంట మోగింది. ఆరు పేజీలూ ఎప్పుడయ్యాయో నాకు తెలీదు. రెండూ యాభై. సభ నడుపుతున్న అమ్మాయి నావైపు తిరిగి నవ్వుతోంది, "సాక్షి ఏమంటారు?" అంటోంది, ఇది లాంఛనమే, గుమాస్తా గారు అప్పుడే ఫైలు సర్దుకుంటున్నారు. లేచాను. కుర్చీ కిర్రుమంది. చదివాను అని నోటిదాకా వచ్చింది, పొద్దుటినుంచి సాధన చేసింది కదా, దానంతటదే వచ్చేస్తోంది.

"అయితే," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు, పాత నవ్వే, ప్రేమగానే నవ్వారు.

"అయితే, మూడో పేజీ నాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే సంతకం పెట్టాను. ఇవాళ ఇక్కడ కూర్చున్నాక కనపడింది. ఆ రెండు తెల్ల చుక్కలు చూడు. మంగళవారంనుంచి ఒకటి, బుధవారంనుంచి ఒకటి. రెండూ సోమవారానికి వచ్చేశాయి. మధ్యలో గీత ఉంది."

అతను బోర్డువైపు తిరిగాడు. చాలాసేపు చూశాడు. తెర మీద సున్నా అలాగే వెలుగుతోంది, నేను నిలబడే ఉన్నాను. తిట్టు, ఇంత నమ్మితే ఇలాగేనా అని అందరి ముందూ దులిపెయ్యి, నేను తల వంచుకుని పడతాను, ఎంత హాయిగా ఉంటుందో. వేలు ఒక చుక్క మీద పెట్టాడు, ఇంకో చుక్క మీద పెట్టాడు, గీత మీద పెట్టాడు. మెడ వెనక ఎర్రగా కందిపోయింది.

"అవును," అన్నాడు. తర్వాత ఇటు తిరిగి, "నాకూ అక్కడే అనుమానంగా ఉండేది. రాసేటప్పుడే. నువ్వు సంతకం పెట్టి ఇచ్చేసరికి, నీకు సరిగ్గా ఉందంటే అనుమానం నాదేలే అనుకున్నాను." సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "సారీ. నీకు ముందే చెప్పాల్సింది. నావల్ల నువ్వు ఇలా లేచి నిలబడాల్సి వచ్చింది."

అమ్మా, నాకు ఇప్పుడు అర్థమైంది.

మేడమ్ లేచి వచ్చారు, పాత రిజిస్టరు తెచ్చి నా ముందు బల్ల మీద తెరిచి పెట్టారు. సాక్షి అభ్యంతరం చెప్తే అది సాక్షే సొంత చేత్తో రాయాలి, కింద నిరూపించినవాళ్లు సంతకం పెట్టాలి, రాబోయే ఏళ్లవాళ్లు తిరగేసి చదువుతారు, మేమూ పాతవి అలాగే తిరగేసి నవ్వుకున్నాం. గుమాస్తా గారు చప్పుడు కాకుండా వెళ్లిపోయారు. ఒక్కొక్కరే బ్యాగులు తగిలించుకుని వెళ్తున్నారు, ఎవరూ నావైపు చూడటం లేదు, అది దయో మరేదో. నా దగ్గర పెన్ను లేదు. ఉంది, బ్యాగులో ఎక్కడో ఉంది, వెతుకుతున్నాను. అతను తనది తీసి ఇచ్చాడు. అదే పెన్ను. రాశాను. మూడో పేజీ నాకు అర్థం కాలేదు. అడగలేదు. ఇంకా ఏదో రాయాలనిపించింది, అతని తప్పు లేదని, పెన్ను సంగతి, లైబ్రరీలో అతను నాకు చేసిన మేలు, అన్నీ రాయాలనిపించింది, అవన్నీ నాకోసం రాసుకునేవే అనిపించి ఆగిపోయాను. రిజిస్టరు అతనివైపు తిప్పాను.

నేను రాసింది రెండు చిన్న వాక్యాలు. అతను వంగి, వాటి కింద వేలు పెట్టుకుని, మొదటి అక్షరంనుంచి చివరి అక్షరం దాకా చదివాడు. మళ్లీ మొదటినుంచి ఇంకోసారి చదివాడు. అప్పుడు సంతకం పెట్టాడు.